ఇద్దరిలో ఎవరైనా

"గీడనే కూసో. హనుమండ్లును తోల్కొని వస్త. యాడికీ పోకు" అని చెప్పి భూమన్న బ్యాంకు మెట్లు దిగి వెళ్లిపోగానే సక్కుబాయికి తట్టిన మొదటి ఆలోచన, ఎటైనా పోతే బాగుండునని. గోడవారన వేసిన బల్ల మీద ఆమె ఒక్కతే ఆడమనిషి. కాగజ్‌నగర్‌కు వచ్చి ఇన్నేళ్లయినా ఈ గడప తొక్కడం ఇదే మొదలు. అంగడికి వచ్చినప్పుడల్లా బయటి నుంచి కటకటాలు చూసి, లోపల ఎవరినో పెట్టి తాళమేశారనుకునేది. తీరా వచ్చి చూస్తే కటకటాల వెనకున్నవాళ్లు తీరుబడిగా చాయ్ తాగుతున్నారు, ఇవతల నిలబడ్డవాళ్లే తప్పు చేసినట్టు చేతులు కట్టుకున్నారు. పైన పంకా తిరుగుతోంది, దాని గాలి ఈ బల్ల దాకా రావడం లేదు. జిగురు వాసన, సిరా వాసన, వాటి మీదుగా కిటికీలోంచి కాగితం మిల్లు వాసన, ఉడికిన వెదురు వాసన. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు ఆ వాసనకు ముక్కు మూసుకుంటారు. ఆమెకు మాత్రం అది భూమన్న అంగీ వాసన. పని దిగి ఇంటికొచ్చేటప్పుడు ముందు ఆ వాసన వస్తుంది, దాని వెనక మనిషి వస్తాడు. వెదురు ముక్కలు చేసే మిషను పక్కన నిలబడి నిలబడి అతనికి కుడి చెవి మొద్దుబారింది, అందుకని ఆమె ఎప్పుడూ ఎడమ దిక్కున కూర్చుంటుంది. ఇక్కడ కూడా అలాగే కూర్చుంది. ఇప్పుడు తన కుడి పక్కన బల్ల ఖాళీగా ఉంది. అటు చూడబుద్ధి కాలేదు.

హనుమండ్లు ఎందుకంటే, భూమన్న ఖాతాలో ఆమె పేరు కూడా ఎక్కాలంటే బ్యాంకులో ఖాతా ఉన్న మనిషి ఇంకెవరైనా వచ్చి ఈమె నాకు తెలుసని సంతకం పెట్టాలట. "నువ్వు లేవా ఏంది తెలిసినోనివి?" అని ఆమె అడిగింది ఇందాక. "నేను చెల్లనంట. పేరు పెట్టిచ్చేటోడు సాక్షి గాదంట" అన్నాడు భూమన్న. ఆ మాట బాగానే ఉంది. కానీ ఆ కటకటాల వెనక కళ్లద్దాల సారు, రామచంద్రం సారు, ఒక్కటి అడుగుతాడు, తప్పకుండా అడుగుతాడు, అడగక ఎందుకుంటాడు? ఏమైతవమ్మా నువ్వు ఆయనకు? ఆ ఒక్క మాటకు ఆమె దగ్గర జవాబు లేదు. మూడు రోజుల నుంచి రొట్టె చేస్తున్నా, నీళ్లు తోడుతున్నా, మోదుగాకు కుడుతున్నా ఆ మాటే చెవిలో జోరీగలా తిరుగుతోంది. ఏమైతవు? ఆయనకు అన్నం పెడతాను. ఆయన కాలికి ముల్లు గుచ్చుకుంటే పిన్నీసుతో తీస్తాను. ఆయన నిద్రలో పలవరిస్తే కప్పిన బొంత సర్దుతాను. ఇవన్నీ రాసుకునే జాగా ఆ కాగితంలో ఉంటుందా? ఉండదు. ఒక్క మాటే రాసుకునే జాగా ఉంటుంది. ఆ ఒక్క మాటకే కదా పోశవ్వ అంత తిరిగింది.

పోశవ్వ మొగుడు అంతయ్య భూమన్నతో పాటు పని చేసినవాడే. పచ్చకామెర్లతో పోయాడు. నలుగురిలో పెళ్లి చేసుకున్న పోశవ్వ, మెడలో పుస్తెలున్న పోశవ్వ, ముగ్గురు పిల్లల తల్లి పోశవ్వ బ్యాంకుకు వస్తే, డబ్బు అంతయ్య ఒక్కని పేరున ఉంది, నువ్వే వారసురాలివని కోర్టు కాగితం తెమ్మన్నారు. పాపం వాళ్లు మాత్రం ఏం చేస్తారు, పద్ధతి అది. ఆ కాగితం కోసం పోశవ్వ వాయిదాల మీద వాయిదాలు తిరిగింది. ఒకసారి పత్రికలో వేయించాలన్నారు, ఒకసారి అంతయ్య తల్లి వచ్చి ఒప్పుకోవాలన్నారు. ఒకసారి జడ్జి సెలవు. సక్కుబాయి ఒక వాయిదాకు ఆమె వెంట ఆసిఫాబాదు వెళ్లింది, చిన్నపిల్లను ఎత్తుకోవడానికి. కోర్టు అరుగు మీద వేపచెట్టు నీడన ఒక ముసలామె కూర్చుని ఉంది, తెల్లటి జుట్టు, పళ్లు లేని నోరు. పక్కనే వకీలు గుమస్తా ఎవరితోనో అంటున్నాడు: "గామె పెండ్లాం కాదు. ఉంచుకున్నది. గామెకేముంటది?" ముసలామెకు వినపడింది. వినపడినా కొంగు ముడి విప్పి ఆకూ వక్కా తీసుకుని నోట్లో వేసుకుంది, చాలాసార్లు విన్న మాటలాగే. చంకలో పిల్లతో నిలబడ్డ సక్కుబాయి మాత్రం అటు చూడలేక పిల్లను రెండో చంకకు మార్చుకుంది. ఇంటికి వచ్చి ఈ సంగతి భూమన్నకు చెప్పలేదు. చెప్పలేదని అనుకుంది గానీ ఆ సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని పప్పు మాడబెట్టింది. మాడిన పప్పు తింటూ అతను ఆమె ముఖం వంక చాలాసేపు చూశాడు. ఆ చూపు మర్నాడు రామచంద్రం సారు దాకా వెళ్లి ఉంటుంది.

పెళ్లెందుకు కాలేదంటే ఎవరికి చెప్పగలదు? రజాకార్ల యేడు, ఎండాకాలం. సిర్పూరు దిక్కు పల్లెల వాళ్లు మూటలు కట్టుకుని వార్ధా నది దాటి చాందా జిల్లాలోకి పోతున్నారు. అప్పటికి ఆమె మొదటి పెనిమిటి జ్వరంతో పోయి ఏడాది. అత్తింటివాళ్లు బండి కట్టుకున్నారు, బండిలో జాగా లేదన్నారు. ఖాళీ ఇంట్లో అటూ ఇటూ చూసి, ఏం తీసుకోవాలో తెలియక, తల్లి ఇచ్చిన విసుర్రాయి పై రాయి ఒక్కటి నెత్తిన పెట్టుకుని బయలుదేరింది. నదిలో నీళ్లు మోకాటి లోతే. నడిమధ్యలో ఇసుక కదిలి కాలు జారింది. వెనక వస్తున్న మనిషి రెక్క పట్టుకున్నాడు. మంథని నుంచి వెదురు కొట్టడానికి అడవికి వచ్చి, అక్కడే చిక్కుకుపోయి, అందరితో పాటు పారిపోతున్న భూమన్న. "ఏం బాయీ, నెత్తి మీద బంగారమా?" అన్నాడు. "విసుర్రాయి" అంది. "రెండో రాయి?" "ఇంటికాడుంది. రెండు మొయ్యస్తదా?" "మరి ఒక్కదానితోని ఏం జేస్తవ్?" "రెండోది ఎక్కడన్న దొరకదా?" అందామె, కోపంగానే అంది. ముందూ వెనకా పిల్లలు ఏడుస్తున్నారు, ముసలివాళ్లు దేవుణ్ని పిలుస్తున్నారు, ఆ మనిషి మాత్రం నది నడిమధ్యన నిలబడి నవ్వాడు. నవ్వి, రాయి అందుకుని తన భుజం మీద పెట్టుకున్నాడు. అవతలి ఒడ్డున దించుతాడనుకుంది. పారిపోయి వచ్చినవాళ్ల శిబిరం దాకా దించలేదు. శిబిరంలో ఆమె "హో" అంటే పగలబడి నవ్వేవాడు, మా దిక్కు "ఔ" అంటారనేవాడు. పోలీసు యాక్షన్ అయి అందరూ తిరిగి వస్తుంటే, "మిల్లుల పని దొరుకుతదంట, వస్తవా?" అని అడిగాడు. "హో" అంది. ఈసారి నవ్వలేదు. అంతే. ఆ రోజు బాజాలు లేవు, పంతులు లేడు. ముందు గుడిసె వేసుకుందామనుకున్నారు, గుడిసె అయింది. మంథని నుంచి అన్న రానీ, అన్న ముందర చేసుకుందామన్నాడు. అన్న రాలేదు.

అన్న రాయమల్లు చెడ్డవాడని ఆమె ఎన్నడూ అనుకోలేదు. కులం వేరు, అది ఆయన గొంతులో ఎముకలా ఉండిపోయింది. భూమన్నకు నిమ్ము చేసి దగ్గుతో మంచం పట్టినప్పుడు మాత్రం బస్సులు మారి వచ్చాడు. ఉన్నన్ని రోజులూ గుడిసె బయట అరుగు మీద పడుకున్నాడు. ఆమె వండిందే తిన్నాడు, ఆమెతో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. "గా ఆమెను జరంత ఉప్పు తెమ్మను" అని తమ్ముడితో చెప్పేవాడు, ఆమె అక్కడే నిలబడి ఉండగా. వెళ్లేటప్పుడు తమ్ముడి కాళ్లు ఒత్తాడు, కళ్లు తుడుచుకున్నాడు. ఆయన ప్రేమ నిజమే. ఆ నిజమైన ప్రేమతోనే, రేపు భూమన్నకు ఏమన్నా అయితే, మా తమ్ముడి సొమ్ము అని కోర్టుకు పోతాడు, కోర్టు ఆయనకే ఇస్తుంది. అందులో ఆమె ఆకులు కుట్టిన డబ్బు కూడా ఉంది. ఎండాకాలమంతా అడవికి పోయి మోదుగాకు తెచ్చి, ఎండబెట్టి, పుల్లలతో కుట్టి, కట్టలు కట్టి పెళ్లిళ్లకు అమ్మిన డబ్బు. వేళ్ల కొసలు ఇప్పటికీ గరుగ్గా ఉన్నాయి. ఆ డబ్బంతా భూమన్న చేతిలో పెట్టేది, అతను తెచ్చి ఈ కటకటాల్లో ఇచ్చేవాడు. అది తన పేరున ఎందుకు లేదని ఆమె అడగలేదు. అతనూ ఆలోచించలేదు. ఇద్దరూ బతికున్నంతకాలం అది ఎవరి పేరున ఉంటే ఏమిటి?

బతికున్నంతకాలం. ఆ మాట దగ్గరే కదా కొట్లాట అయింది. రాత్రి అన్నం దగ్గర, పుంటికూర కలుపుకుంటూ అతను చాలా మామూలుగా, బజారుకు పోతున్నా అన్నట్టు అన్నాడు: "బ్యాంకుల నీ పేరు గూడ పెట్టిస్తున్న. ఇద్దరి పేర్లుంటే, ఇద్దర్ల ఎవలన్న తీసుకోవచ్చంట. ఒకలు పోతే ఉన్నోళ్లకే ఇస్తరంట. కోర్టు లేదు, కచేరి లేదు. సారు చెప్పిండు." పోతే. ఆ ఒక్క ముక్క ఆమె గుండెలో దిగింది. "నీకేమైంది? డాక్టరు ఏమన్న చెప్పిండా?" అని అరిచింది. ఏమీ కాలేదన్నాడు. ఏమీ కానివాడు చావు మాట ఎందుకెత్తాలి? రేపు చస్తానని ఇవాళే నిశానీ వేయించుకుంటావా? నా బొటనవేలితోనే వేయిస్తావా? చేయి కడుక్కుని లేచిపోయింది. రెండు రోజులు మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ అతను పిల్లిలా తిరిగాడు. చెప్పకుండానే నీళ్ల బిందెలు నింపాడు, ఎన్నడూ ముట్టనివాడు ఆకుకట్టలు ఎండలో వేసి తీశాడు, తీసేటప్పుడు సగం చింపాడు. మూడో రోజు చెవి దగ్గరికి వచ్చి, తనకే వినపడదని గట్టిగా, వాడకట్టంతా వినేట్టు అన్నాడు: "నువ్వే ముందుగాల పోతే నాకు గీ ఫికరే లేదు సక్కూ! నేను పోతనే పరేషాన్!" అదేం మాటయ్యా అని తిట్టబోయి ఆమె నవ్వేసింది. పక్కింటివాళ్లు కూడా నవ్వారు. నవ్వాక ఇంక కాదనడం ఎలా?

గోడ గడియారం ముల్లు కదిలినట్టే లేదు, చూస్తే చాలా దూరం పోయింది. కౌంటరు దగ్గర జనం పలచబడ్డారు. చప్రాసి ఒక కిటికీ తలుపు మూశాడు. ఇంకా రాలేదేం? హనుమండ్లు వెదురు యార్డులో ఉంటాడు, గేటు దగ్గర జవాను లోపలికి పోనివ్వలేదేమో. వెదురు లారీలు ఆ దారినే వస్తాయి, వెనక నుంచి హారన్ కొడితే అతనికి కుడి చెవి వినపడదు. లేచి నిలబడింది. మళ్లీ కూర్చుంది. ఇదిగో, ఇదే. పేరు మాట ఎత్తినందుకే ఇలా అవుతోంది. ఛ, ఏం మనసు ఇది. దేవా, ఆ మనిషి మెల్లగానే రానీ, చెమటలు కక్కకుండా రానీ. ఆమె ఎప్పుడూ కోరుకునేది ఒక్కటే, అతని కంటే ముందు పోవాలని. నుదుటి బొట్టుతో పోవాలని. పుస్తెలు లేకపోయినా బొట్టు తనే పెట్టుకుంటుంది కదా, అదైనా చెరగకుండా. ఇప్పుడు ఈ బల్ల మీద, ఖాళీ జాగా పక్కన కూర్చుంటే ఆ కోరిక ఎందుకో నిలబడలేదు. తను ముందు పోతే, ఎప్పుడో ఒకనాడు, అతను ఇక్కడికి ఒక్కడే వస్తాడు. ఈ బల్ల మీదే కూర్చుంటాడు. సారు పేరు పెట్టి పిలిస్తే వినపడదు, రెండోసారి పిలిచినా వినపడదు, చప్రాసి విసుక్కుంటాడు. కాగితం మీద ఏం రాసిందో చదవలేక అందరి ముఖాలూ చూస్తాడు. ఇంటికి పోయి ఉప్పు డబ్బా ఎక్కడుందో వెతుక్కుంటాడు, కళ్ల ముందే ఉన్నా వెతుక్కుంటాడు. ఆకలైందని ఎవరికీ చెప్పడు, అడిగితే తిన్నానంటాడు. వద్దు. అతన్ని అలా వదిలిపోవడం వద్దు. ఆ ఒంటరితనం ఏదో తనే పడుతుంది. తనకు అలవాటుంది, ఖాళీ ఇంట్లో నిలబడి ఏం తీసుకోవాలో తెలియకపోవడం ఒకసారి చూసింది. ఇన్నాళ్లూ అడిగిన వరం వెనక్కి తీసుకుంటున్నాను, నన్నే ఉంచు, అతని తర్వాత కొన్నాళ్లు నన్నే ఉంచు అని ఆమె ఎవరికో చెప్పుకుంది. చెప్పుకున్నాక కళ్లు నిండాయి గానీ మనసు తేలికైంది. ఆ నిశానీ ఎందుకు వేయాలో ఇప్పుడు అర్థమైంది. అతను తన చావు కోసం వేయించడం లేదు. తన తర్వాత ఆమెకు ఉండబోయే రోజుల కోసం వేయిస్తున్నాడు.

గుమ్మంలో వెలుగు మూసుకుపోయింది. భూమన్న. అంగీ వీపుకు అతుక్కుపోయి ఉంది. వెనక హనుమండ్లు, తలకు వెదురు పొట్టు. "గేటు కాడ ఆపిండ్రు సక్కూ, భయపడ్డవా?" అన్నాడు భూమన్న. భయపడలేదంది. హనుమండ్లు అప్పటికే కటకటాల ముందుకు వెళ్లి నిలబడ్డాడు. రామచంద్రం సారు కళ్లద్దాలు పైకి తోసి, "నీకు ఈమె ఎరికేనా?" అని అడిగాడు.

"ఎరిక లేకేంది సారు! సక్కుబాయి. నా బిడ్డ పెండ్లిల ఊరంత తిన్నది ఈమె కుట్టిన విస్తార్లలనే."

సారు నవ్వి, ఇక్కడ సంతకం పెట్టమన్నాడు. హనుమండ్లు నాలుక కొస బయటపెట్టి, పేరు ముక్కముక్కగా రాశాడు. తర్వాత ఆమెను పిలిచారు. పేరు అడిగారు, ఊరు అడిగారు, వాడకట్టు అడిగారు. సారే ఆమె ఎడమ బొటనవేలు మెత్తగా పట్టుకుని ఊదా సిరా మీద అద్ది కాగితం మీద ఆనించాడు. "ఇగ ఇద్దర్ల ఎవరొచ్చినా ఇస్తం. ఒకరు లేకుంటే మిగిలినవాళ్లకు ఇస్తం. చనిపోయిన దాఖలా ఒక్కటి తెస్తే చాలు, కోర్టు కాగితం అడగం. సరేనా అమ్మా? అయిపోయింది."

అయిపోయిందా? ఆమె కదల్లేదు. మూడు రోజులుగా చెవిలో తిరుగుతున్న ఆ మాట ఏది? ఇప్పుడు అడుగుతాడు, ఇప్పుడు. సారు కాగితం మీద రూళ్లకర్ర పెట్టి పక్కకు జరిపాడు.

"ఇంకేం అడగరా సారు?"

"ఇంకేం అడగాలె?"

"నేను ఆయనకు ఏమైతనో అడగరా?"

"అవసరం లేదమ్మా. అన్నదమ్ములు పెట్టుకుంటరు, దోస్తులు పెట్టుకుంటరు. ఎవరు ఎవరికి ఏమైతరో మాకు పనిలేదు."

అడగడు. ఎవరూ అడగరు. పప్పు మాడింది దీని కోసమా, రెండు రోజులు మూతి ముడుచుకున్నది దీని కోసమా? ఆమెకు నవ్వొచ్చింది, ఆ వెనకే ఎక్కడిదో ఒక పౌరుషం వచ్చింది. కోర్టు అరుగు మీది ముసలామె నోట్లో ఆకూ వక్కా వేసుకుంటూ తన వంక చూసినట్టనిపించింది. ఆమెను కూడా ఎవరూ అడగలేదు, వాళ్లకు వాళ్లే చెప్పేసుకున్నారు.

"అడగకున్నా చెప్త, ఇనుండ్రి. నేను ఈయన పెండ్లాన్ని."

మొద్దుచెవి మనిషితో ఇన్నేళ్లు కాపురం చేసిన గొంతు అది. మెల్లగా అనడం దానికి రాదు. కౌంటర్ల వెనక తలలు లేచాయి, నోట్లు లెక్కపెడుతున్న గుమస్తా లెక్క మర్చిపోయి మళ్లీ మొదలుపెట్టాడు. రామచంద్రం సారు కళ్లద్దాలు తీసి ఆమెను చూశాడు, తర్వాత భూమన్నను చూశాడు. భూమన్న నేల చూపులు చూస్తున్నాడు. వినలేదేమో, కుడి పక్కన నిలబడింది కదా తను, తొందరలో దిక్కు మరిచిపోయింది. ఆమె ఎడమ దిక్కుకు రాబోయింది.

"ఇన్న" అన్నాడు భూమన్న. గొంతు సవరించుకుని, తలెత్తి, సారుతో అన్నాడు. "ఔ సారు. నా పెండ్లాం."

ఆ మాట అతని నోట వినడానికి ఆమె పద్నాలుగేళ్లు కాచుకుందని ఆమెకే అప్పుడు తెలిసింది. సారు కళ్లద్దాలు పెట్టుకుని, "మంచిదమ్మా" అని మాత్రం అన్నాడు.

బయట ఎండ కళ్లలో కొట్టింది. మెట్ల మీద హనుమండ్లు ఆగిపోయాడు. "నువ్వు పెండ్లామంటివి, ఆయన ఔ అనె. సంతకం పెట్టిన సాక్షిని నేను. మరి భోజనాలు లేవా?"

భూమన్న ముఖం ఎర్రబడింది. ఇన్నేళ్లలో ఎన్నడూ చూడలేదు ఆ ఎరుపు, సిగ్గుపడే మగవాణ్ని చూడడం ఇంత బాగుంటుందని ఆమెకు తెలియదు.

"ఇంటికి రా అన్నా" అంది సక్కుబాయి. "కోడిని కోస్త."

"ఏ కోడిని?" భూమన్న గాబరాపడ్డాడు. "గా ఎర్రదాన్నా? అది గుడ్లు పెడ్తున్నది గద!"

"పెడ్తే పెట్టనీ" అంది ఆమె, ఊదా సిరా అంటిన బొటనవేలు కొంగుకు తుడుచుకోకుండా జాగ్రత్తగా పైకి పట్టుకుని నడుస్తూ. "పెండ్లి రోజూ అయితదా?"